హెలూ నీళ్లు

వచ్చే నెల ఈ దేశంలో నా నివాసపు కార్డుకు గడువు తీరుతుంది. బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మొన్న వేసవితో అయిపోయింది. కనిపించిన ప్రతివాళ్లూ "అదృష్టవంతులు, హాయిగా ఇంటికి వెళ్లిపోతున్నారు" అంటున్నారు. నేను మూడేళ్ల పిల్లగా అమ్మ చంకనెక్కి ఇక్కడ విమానం దిగాను. జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉన్నాను. ఇక ఇల్లంటే ఎక్కడో, దానికి ఏ దారిన వెళ్లాలో ఆ మాట అనేవాళ్లనే అడగాలి. హైదరాబాదులో ఒక ఫ్లాట్ ఉన్నమాట నిజమే. అందులో వంటింటి కిటికీ ఏ వైపు తెరుచుకుంటుందో కూడా నాకు గుర్తు లేదు.

ఈ కోపం మీద ఉండగానే మొన్న శుక్రవారం సాయంత్రం దోహాలో అల్ అజీజియా పార్కు గార్డు నా మీద ఈల వేశాడు.

నేను చేసిన నేరం ఏమిటంటే, పార్కు మధ్యలో ఉన్న చెరువు గట్టున కూర్చుని నీళ్లకేసి చెయ్యి చాపాను. ఒళ్లో ఇత్తడి పళ్లెం, అందులో జానెడెత్తు బతుకమ్మ. ముందురోజు మావాళ్లంతా ఒక పెద్ద హాలు తీసుకుని పండుగ చేశారు. వందలమంది ఆడవాళ్లు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు, మెడలో కార్డులు వేసుకున్న వాలంటీర్లు. ఆట అయ్యాక బతుకమ్మలను వదలడానికి హాలు మూలన ఒక తొట్టి పెట్టారు. చిన్నపిల్లలు ఆడుకునే గాలి తొట్టి, నీలం రంగుది, చుట్టూ చేప బొమ్మలు. "వరసలో రండి, ఒక్కొక్కరే రండి" అని మైకులో పిలుస్తున్నారు. నా వంతు వచ్చేసరికి నేను వరసలోంచి పక్కకు తప్పుకున్నాను. "ఏంటి మేడమ్, వేయరా?" అని ఒకమ్మాయి అడిగితే "మా అమ్మ చూస్తే చంపుతుంది" అన్నాను. అమ్మ పోయి చాలా కాలమైంది. అయినా చంపుతుంది. బతుకమ్మను ఇంటికి తెచ్చి తడిగుడ్డ కప్పి, మర్నాడు పార్కుకు పట్టుకొచ్చాను.

"మేడమ్! పానీ మే కుచ్ నహీ డాల్నా. మమ్నూ!"

నీళ్లలో ఏమీ వేయొద్దని. మమ్నూ అంటే నిషేధం. గార్డు నేపాలీ. వాళ్ల దేశంలో నదులకు పూలు వేసే మనిషే అయి ఉంటాడు. ఇక్కడ ఎండలో నిలబడి ఈల వేయడం అతని డ్యూటీ.

"డాల్ నహీ రహీ భయ్యా. బైఠీ హూఁ," అన్నాను. వేయడం లేదు, కూర్చున్నానంతే అని.

అతను పది అడుగుల దూరంలో నిలబడి నన్ను కాపలా కాయడం మొదలుపెట్టాడు. నేనూ లేవలేదు. పొద్దు వాలుతోంది. నీళ్లమీదినుంచి గాలి వచ్చింది. తడిసిన గడ్డి వాసన, దాని అడుగున కొంచెం పులిసినట్టు, కొంచెం మట్టిలా, ఇంకేదో వాసన. ఆ రెండోదాన్ని నేను గుర్తుపట్టాను. పార్కుకు వచ్చేవాళ్లలో దాన్ని గుర్తుపట్టేవాళ్లు ఎక్కువమంది ఉండరు.

* * *

మా చిన్నప్పుడు దోహాలో ఇన్ని అద్దాల మేడలు లేవు. పాత బజారు వెనక రెండంతస్తుల ఇంట్లో కింద మేము, పైన కాకినాడ అత్తయ్య వాళ్లు. నాన్న ఒక కట్టడాల కంపెనీ డ్రాయింగు ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు. ఇంటికి వస్తే చొక్కానుంచి బ్లూప్రింట్ కాగితాల ఘాటు వాసన కొట్టేది. జగిత్యాల వైపు పల్లెనుంచి పాలిటెక్నిక్ చదివి వచ్చిన మనిషి. ఆయనకు ఊతపదం ఒకటే, "మనకెందుకు". వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడుకుంటే మనకెందుకు. పక్కింట్లో కొత్త కారు వస్తే మనకెందుకు. కొళాయిలో నీళ్లు రాకపోయినా, ఇంకొక్క రోజు చూద్దాం, ఇప్పుడు ఫోన్ చేయడం మనకెందుకు. వీసా అనే చిన్న స్టాంపు మీద మా ముగ్గురి బతుకు నిలబడి ఉందని ఆయనకు తెలుసు. అందుకని ఎప్పుడూ మునివేళ్ల మీద నడిచేవాడు.

అమ్మ మడమల మీద నడిచేది.

శుక్రవారం సెలవు. ఆ రోజు నాన్న వాళ్ల ఊరివైపువాళ్లు, లేబర్ క్యాంపులో ఉండే నలుగురు, మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. తలలకు కొబ్బరినూనె, ఒళ్లంతా లైఫ్‌బాయ్ సబ్బు వాసన, ఇస్త్రీ మడతలు నిలిచిన చొక్కాలు. వాళ్లందరికీ మా అమ్మ అక్క, మాకు వాళ్లందరూ మామలు. మటన్ కూరలో కారం చాలలేదని వాళ్లు, మీ నాలుకలకు సిమెంటు పట్టిందని అమ్మ. మా పండుగలు కూడా శుక్రవారమే వచ్చేవి. పంచాంగం ఏ రోజు చెప్పినా సరే, క్యాంపు బస్సు ఏ రోజు వస్తే అదే దసరా, అదే ఉగాది.

ఊరినుంచి అమ్మమ్మ ఉత్తరాలు రాయించేది. ప్రతి ఉత్తరమూ "దుబాయిల ఉన్న నా బిడ్డకు" అని మొదలయ్యేది. దుబాయి కాదు, ఖతర్ అని అమ్మ ప్రతి జవాబులోనూ రాసేది. అమ్మమ్మకు అది పట్టనే లేదు. సముద్రం అవతల ఉన్నదంతా ఆమెకు దుబాయే.

బతుకమ్మ దగ్గరే మాకు చిక్కు వచ్చేది. తొమ్మిది రోజుల ఆటను ఒక్క శుక్రవారానికి కుదించవచ్చు. తంగేడు, గునుగు దొరక్కపోతే గన్నేరు, కాగితంపూలు పేర్చవచ్చు. చివర సాగనంపాలంటే మాత్రం నీళ్లు కావాలి, అవి తియ్యటి నీళ్లై ఉండాలి. చెరువో వాగో కుంటో. మూడువైపులా ఉప్పు సముద్రం ఉన్న ఈ దేశంలో అవేవీ లేవు.

ఒక ఏడు నాన్న అందరినీ కారులో అల్ వక్రా తీసుకెళ్లాడు. చేపల పడవలు ఆగేచోట కాస్త పక్కగా అమ్మ మోకాళ్ల లోతు దిగి బతుకమ్మను వదిలింది. మేము కాళ్లు కడుక్కునేలోపే అల వచ్చి దాన్ని తెచ్చి ఒడ్డున పెట్టింది. అమ్మ మళ్లీ తీసుకెళ్లి వదిలింది. మళ్లీ వచ్చింది. మూడోసారి నడుము లోతుకు వెళ్లింది. వలలు దులుపుకుంటున్న జాలరులు పని ఆపి చూస్తున్నారు. ఈసారి అల పూలన్నీ చెదరగొట్టి, ఉప్పు నురుగు పట్టించి మరీ తెచ్చి అమ్మ కాళ్ల దగ్గర పడేసింది.

"పద పద, అందరూ చూస్తున్నరు. మనకెందుకే?" అన్నాడు నాన్న.

"ఉప్పునీళ్లు తల్లిని తీసుకుంటలెవ్వు," అంది అమ్మ.

ఆ చలికాలమే అమ్మమ్మ పోయింది. కబురు ఉత్తరంలో వచ్చింది. అది చేతికందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అమ్మ ఏడవలేదు. వంటింట్లో నిలబడి ఆ కాగితాన్ని మడిచి పప్పు డబ్బా కింద పెట్టింది. ఆ తర్వాత చాలారోజులకు నాకు జడ వేస్తూ అంది.

"నాకు బతుకమ్మ పేర్సుడు నేర్పింది మా అవ్వనే. ఆ ఏడు బతుకమ్మ పోలే. ఎనుకకు వచ్చింది. మా అవ్వ పోయింది."

అవ్వ అంటే వాళ్లమ్మ, మా అమ్మమ్మ. ఆ రెండింటికీ సంబంధం లేదని ఈ రోజు నేను వందసార్లు చెప్పగలను. తొమ్మిదేళ్ల పిల్లగా ఆ మాట విన్నప్పుడు మాత్రం నమ్మేశాను. వచ్చే ఏడు బతుకమ్మ తియ్యటి నీళ్లలోనే పోవాలి. పోకపోతే అమ్మ ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది.

* * *

చెరువును కనిపెట్టింది పికప్పు మామ. నలుగురు మామల్లో ఆయన ఒక్కడికే డ్రైవింగు వచ్చు. సైటు సామాన్లు మోసే బండి ఆయన చేతిలో ఉండేది. ఒక శుక్రవారం చెప్పులు విడవకముందే గుమ్మంలోంచే అరిచాడు.

"అక్కా, చెరువు దొరికింది!"

"ఈ ఎడారిల చెరువేందిరా? ఎండకు కండ్లు తిరిగినయా?"

"నీ తోడు అక్కా. పడమట దిక్కు, రోడ్డు దిగి లోపలికి పోవాలె. గీ కాడికెంచి గా కాడిదాక నీళ్లే. తుంగ మొల్చింది. కొంగలున్నయి. లేత ఎరుపు కొంగలు, ఇంతింత కాళ్లు!"

"ఉప్పునీళ్లా, మంచినీళ్లా?"

"ఒంటెలు కాసేటాయనను అడిగిన. మాయ్ హెలూ? అన్న. హెలూ, హెలూ, వల్లా హెలూ అన్నడు."

మాయ్ అంటే నీళ్లు, హెలూ అంటే తియ్యన. చాయ్ హోటల్లో చక్కెర ఎక్కువ కావాలంటే మామలందరూ వాడే మాటే అది. అమ్మ ముఖం వెలిగిపోవడం నేను చూశాను. అమ్మమ్మ పోయాక అలా వెలగడం అదే మొదలు.

"ఎవల జాగనో ఏమో. పోలీసులు పట్టుకుంటె వీసా పోతది. మనకెందుకే?" అన్నాడు నాన్న.

"మనకు గాకపోతే ఇంకెవలకు? కొంగలకా?" అంది అమ్మ.

పై ఇంటి కాకినాడ అత్తయ్యకు బతుకమ్మ తెలియదు. అమ్మ భాషను రోజూ వేళాకోళం చేసేది, అమ్మ ఆమె దీర్ఘాలను చేసేది. అయినా సంగతి విని మెట్లన్నీ ఒక్క ఉరుకులో దిగి వచ్చింది.

"వదినా, నేనూ వస్తానండీ. గోదారి దాటొచ్చాక మంచినీళ్ళ చెరువు మొహం చూస్తే ఒట్టు. మా ఆయన డ్యూటీకి వెళ్ళాక చెప్పాపెట్టకుండా వచ్చేస్తాను."

మా మీద పడిన పని పూలు. నేనూ, అత్తయ్య కూతురూ దిండు గలీబు పట్టుకుని బయలుదేరాం. వీధి చివర ఒక పెద్ద ఇంటి గోడమీదినుంచి కాగితంపూలు విరగబూసి బయటికి వేలాడేవి. నేను గోడెక్కాను, అది గలీబు పట్టుకుంది. సగం నిండేసరికి లోపలినుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నల్లటి బట్టలు, ముఖానికి బంగారు రంగు ముసుగు. "లేష్? లేష్?" అంటూ నా కాలు పట్టుకుంది. ఎందుకు, ఎందుకు అని అర్థం. ఆమె గలీబు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. అత్తయ్య కూతురు అప్పటికే ఇల్లు చేరింది.

నేను ఏడుస్తూ వచ్చి చెబితే అమ్మ నా చెవి మెలిపెట్టింది. తర్వాత గిన్నెలో నాలుగు మలీద ముద్దలు పెట్టుకుని, కొంగు బిగించి, ఆ ఇంటికి బయలుదేరింది. నాన్న వెనకనుంచి మనకెందుకు అంటూనే ఉన్నాడు.

ఆ గుమ్మంలో జరిగిన మాటలు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తాయి. అమ్మ తెలుగులోనే మాట్లాడింది, ముసలమ్మ అరబీలోనే మాట్లాడింది. పిల్లలు తప్పు చేశారని అమ్మ ఒప్పుకుంది. తప్పు చేశారని ఆమె కూడా అంది. దేవతకోసం అడిగితే ఇవ్వనంటావా అని అమ్మ నిలదీసింది. ఆమె మలీద ముద్ద నోట్లో వేసుకుని, నెయ్యీ బెల్లమూ నలుగుతుంటే కళ్లు మూసుకుని, ఇంకోటి తీసుకుంది. ఆపైన కత్తెర తెప్పించింది. మేము రెండు గలీబుల పూలతో ఇంటికి వచ్చాం.

* * *

శుక్రవారం మధ్యాహ్నం పికప్పు వెనక మేమంతా ఎక్కాం. సద్దుల గిన్నెలు, చాపలు, ఇత్తడి శిబ్బి పళ్లెంలో బతుకమ్మ, దాన్ని రెండు చేతులా చుట్టుకుని అమ్మ. పై వరస కాగితంపూలు, మధ్యలో గన్నేరు, నెత్తిన పసుపు గౌరమ్మ. నాన్న రాలేదు. తలనొప్పి అన్నాడు.

రోడ్డు దిగాక గంటసేపు ఒళ్లు హూనమైంది. దుమ్ము, రాళ్లు, మధ్యలో ఒంటెలు. బండి ఒక మిట్ట ఎక్కి ఆగింది. పికప్పు మామ చెయ్యి చూపించాడు.

నీళ్లు. నేను అన్ని నీళ్లు, అలలు లేని నీళ్లు, అప్పటిదాకా చూడలేదు. అంచున లేత ఇసుక, అల్ వక్రా సముద్రపు ఒడ్డులాగే, కానీ ఉప్పు వాసన లేదు. తుంగ మనిషెత్తు పెరిగి గాలికి గరగరమంటోంది. దూరంగా కొంగలు, మామ చెప్పిన లేత ఎరుపువి, ఒంటికాలి మీద. ఒక వాసన కూడా ఉంది. పులిసినట్టు, మట్టిలా.

"పాచి వాసన. మా కుంట గూడ గిట్లనే ఉంటుండె," అంది అమ్మ, గుండెల నిండా పీల్చుకుని.

చాపలు పరిచాం. పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, పల్లి సద్ది. మామలు ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచి పిల్లల్లా నీళ్లు చల్లుకున్నారు. వాళ్లలో ఒకాయన ఏడేళ్లుగా ఊరికి వెళ్లలేదు. ఆయన ఇసుకలో వెల్లకిలా పడుకుని "ఇదే మా ఊరు, నన్ను లేపకున్రి" అన్నాడు. అత్తయ్య కూతురూ నేనూ మునకలు వేశాం. పందెం కట్టి నేను రెండు దోసిళ్ల నీళ్లు తాగాను కూడా. కొంచెం చేదుగా అనిపించింది. తియ్యగా ఉందని చెప్పాను.

ఆడవాళ్లు ఇద్దరే. చుట్టూ తిరిగి ఆడటానికి ఇద్దరు చాలరు. అందుకని మామలను కూడా నిలబెట్టి అమ్మ చప్పట్లు కొట్టించింది. అత్తయ్యకు పాట రాదు, ఏదో మంగళహారతి అందుకుంది. అమ్మ ఒక రాగం, ఆమె ఒక రాగం, మామలు తప్పుడు తాళం. బోర్డర్ దాటి వచ్చిన ఆరు గొంతులు అలా ఎడారిలో బతుకమ్మ ఆడాయి.

తర్వాత అమ్మ శిబ్బి ఎత్తుకుని నీళ్లలోకి నడిచింది. ఆమె వంగి, పూలను నీళ్లమీదికి జరిపి, చేతులు తీసేసింది.

బతుకమ్మ ఒక క్షణం ఉన్నచోటే ఊగింది. తర్వాత గాలి దాన్ని లోపలికి తీసుకుపోయింది. తుంగ దాటింది. కొంగలు తప్పుకున్నాయి. చిన్న ఎర్రటి చుక్కయ్యే దాకా పోయింది, వెనక్కి తిరిగి రాలేదు.

"పోయిరా అవ్వా," అంది అమ్మ. తల్లి అనలేదు, అవ్వా అంది. అప్పుడు ఏడ్చింది. ఏడాదిపాటు పప్పు డబ్బా కింద దాచిపెట్టిందంతా అక్కడ, నడుములోతు నీళ్లలో నిలబడి, గట్టిగా ఏడ్చింది. అత్తయ్య చీర తడుస్తున్నా లెక్కచేయకుండా వెళ్లి పట్టుకుంది. వచ్చేటప్పుడు ఆమె ఒక చెంబుడు నీళ్లు పట్టి తెచ్చుకుంది.

* * *

నాలుగు రోజులు అమ్మ కూనిరాగం తీస్తూ వంట చేసింది. అయిదో రోజు పై ఇంట్లోంచి నవ్వు వినిపించింది. కాకినాడ మావయ్య మున్సిపాలిటీలో నీళ్ల ఇంజినీరు. భార్య చేసిన దొంగ షికారు సంగతి అప్పుడే బయటపడింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతూ మెట్లు దిగి మా ఇంటికి వచ్చాడు.

"చెల్లెమ్మా, అది చెరువు కాదమ్మా! ఊళ్ళో వాడేసిన నీళ్ళన్నీ, మురుగంతా, మా ప్లాంటులో శుద్ధి చేసి అక్కడికి వదులుతాం. దానికి మీరు పండగ చేసొచ్చారా!"

వెనకే అత్తయ్య నెత్తి బాదుకుంటూ దిగింది.

"అయ్యబాబోయ్, నా తులసికోటలో పోసానండీ! చెంబుడు నీళ్ళూ పోసాను! పిల్లల్ని ముంచాం కదండీ వదినా!"

ఆ పూట మా ఇద్దరికీ మూడుసార్లు తలంటారు. నేను దోసిళ్లతో తాగిన సంగతి ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ శుక్రవారం పికప్పు మామ గుమ్మం బయటే నిలబడ్డాడు, తల ఎత్తలేదు.

"ఆయన హెలూ అన్నడక్కా. వల్లా అని ఒట్టు గూడ పెట్టిండు."

"హెలూ అంటే తియ్యన అనే కాదయ్యా, అందంగా ఉంది అని కూడా," అన్నాడు మావయ్య. "చెరువు బాగుందా అని నువ్వడిగావనుకున్నాడు. బాగుంది, బాగుంది అన్నాడు పాపం."

అందరూ నవ్వారు, అమ్మ తప్ప. నాన్న కూడా నవ్వాడు, నేను ముందే చెప్పాను కదా అన్న నవ్వు. అమ్మ లోపలికి వెళ్లి బియ్యం కడుగుతూ ఉండిపోయింది. నాకు మళ్లీ పాత భయం పట్టుకుంది. బతుకమ్మ పోయినట్టా, పోనట్టా?

అమ్మ తొట్టిలో కన్నంకేసి చూస్తోంది. తెల్లటి కడుగునీళ్లు గిరగిరా తిరుగుతూ దిగిపోతున్నాయి.

"ఈ నీళ్లు యాడికి పోతయే?"

"పైపులోకి."

"ఆడికెంచి?"

అమ్మ చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చి మావయ్య చేతికి నాన్న డ్రాయింగు కాగితం, పెన్సిలు ఇచ్చింది. "అన్నా, మా ఇంట్ల నీళ్లు యాడికెంచి వస్తయో, యాడికి పోతయో గియ్యి." ఆయన తమాషా అనుకుంటూ గీశాడు. సముద్రం. ఉప్పు తీసే కార్ఖానా. మా కొళాయి. మా తొట్టి. భూమిలో పైపు. శుద్ధి చేసే ప్లాంటు. చివర ఒక సున్న చుట్టి, అదే మీ చెరువు అన్నాడు.

అమ్మ సముద్రం నుంచి ఆ సున్న దాకా గీత మీద వేలు నడిపింది. అప్పుడు మాట్లాడింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అంటే ఇవి నేను బియ్యం కడిగిన నీళ్లు. నా పిల్లకు తానం పోసిన నీళ్లు. ఈ తమ్ముండ్లు క్యాంపుల ఒంటిమీది సిమెంటు కడుక్కున్న నీళ్లు. ఈ దేశంల మనదని చెప్పుకోను జానెడు జాగ లేదు. ఇల్లు కంపెనీది, బండి కంపెనీది, పాసుపోర్టు గూడ కంపెనీ బీరువల్నే ఉన్నది. గా చెరువొక్కటి మనం చేసింది. వచ్చే ఏడు గూడ నా బతుకమ్మ అండ్లనే పోతది. మైల అనేటోళ్లు ఇంటికాడ ఉండున్రి."

ఏడేళ్లు ఊరికి వెళ్లని మామ తన అరచేతుల వంక చూసుకున్నాడు. నాన్న ఆ ఒక్కసారి మనకెందుకు అనలేదు.

ఈలోపు పైన ఒక వింత జరిగింది. వేసవంతా ఎండి పుల్లలైన అత్తయ్య తులసి ఆ చెంబుడు నీళ్ల తర్వాత చిగురు పెట్టింది. రెండు వారాల్లో కోట నిండా గుబురైంది. కోసి పారేయాలా, పూజ చేయాలా అని అత్తయ్య తేల్చుకోలేక అమ్మను పిలిచింది.

"తులసమ్మకు లేని మైల నీకెక్కడిది వదినా?" అంది అమ్మ.

మరుసటి ఏడు మేము మళ్లీ వెళ్లాం. తెలిసే వెళ్లాం. అత్తయ్య ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చింది. పులిహోర తినడానికి దాన్ని విప్పి మళ్లీ కట్టుకోవడం మర్చిపోయింది. ఈసారి నాన్నకు తలనొప్పి రాలేదు. శిబ్బికి ఒక పక్క ఆయన పట్టుకుని, అమ్మతోపాటు నీళ్లలోకి దిగాడు. ఆయన ప్యాంటు తడవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత ఎన్నో ఏళ్లు వెళ్లాం. మామలు ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు. అత్తయ్య వాళ్లు కాకినాడ వెళ్లిపోయారు. నాన్న రిటైరయ్యాక అమ్మ కూడా ఆయనతో వెళ్లక తప్పలేదు. కొన్నాళ్లకు చెరువును కూడా ఎండగట్టేశారు. ఆ నీళ్లు ఇప్పుడు వృథా చేయడం లేదట. ఒకసారి చూద్దామని కారేసుకుని వెళ్తే అక్కడ పగుళ్లు బారిన నేల, దాని చుట్టూ కంచె. అమ్మ ఫోన్లో "చెరువున్నదా?" అని అడిగేది. ఉంది అని చెప్పేదాన్ని. ఆమె పోయేదాకా అదే అబద్ధం చెప్పాను.

* * *

పార్కులో పొద్దు గుంకబోతోంది. గార్డు ఇంకా అక్కడే ఉన్నాడు. నేను పళ్లెం పట్టుకుని లేచాను. అతను హమ్మయ్య అనుకున్నట్టున్నాడు.

బెంచీ వెనక పచ్చికలో మోకాలెత్తున ఒక చిన్న బోర్డు ఉంది. ఈ ఊరంతా పచ్చిక ఉన్నచోటల్లా ఉండే బోర్డే. వందలసార్లు దాని పక్కనుంచి నడిచాను. ఆ సాయంత్రం ఆగి చదివాను. "శుద్ధి చేసిన నీరు. తాగరాదు." దాని పక్కన గడ్డిలోంచి ఊదారంగు పైపు తల బయటికి కనిపిస్తోంది.

మావయ్య గీసిన కాగితం నా కళ్లముందుకు వచ్చింది. చివర సున్న చుట్టిన చోటు. అక్కడ ఆగిపోయిందనుకున్న నీరు ఆగలేదు. ఇన్ని వేల చెట్ల మొదళ్లలోకి, పిల్లలు దొర్లే ఈ పచ్చికలోకి వచ్చింది. నేను అమ్మకు చెప్పింది అబద్ధం కాదు. నేను నిలబడిందే ఆ చెరువులో.

చెప్పులు విప్పాను. పచ్చికలోకి నాలుగు అడుగులు వేసి, పైపు పక్కన వంగి, బతుకమ్మను పళ్లెంలోంచి గడ్డిమీదికి జరిపాను.

"మేడమ్, క్యా కర్ రహీ హైఁ?" అతను పరుగెత్తుకొచ్చాడు.

"పానీ మే నహీ డాలా భయ్యా. ఘాస్ పే రఖా." నీళ్లలో వేయలేదు, గడ్డిమీద పెట్టానని.

ఈల అతని నోటిదాకా వెళ్లి ఆగింది. "ఛోడ్ దీజియే మేడమ్. జా రహీ హైఁ నా ఘర్. ఆప్ కో క్యా?" అన్నాడు, బతిమాలినట్టుగా. ఇంటికి వెళ్తున్నారుగా, మీకెందుకు అని.

మా నాన్న మాటే. నేపాలీ గొంతులో.

"మనకు గాకపోతే ఇంకెవలకు?" అన్నాను.

అతనికి తెలుగు రాదు. వివరించే ఓపిక నాకూ లేదు. ఇంతలో బుస్సుమని పైపు తల తిరిగింది. పచ్చికంతా ఒక్కసారి తడిసింది, అతని బూట్లు, నా చీర అంచు, పసుపు గౌరమ్మ, కాగితంపూలు. అతను వెనక్కి దూకి, ఆపైన తనకు తెలియకుండానే నవ్వి, వంగి ఒక పువ్వును వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు. నేను అక్కడే నిలబడి తడిశాను. గాలిలో ఆ పాత వాసన లేచింది.

వచ్చే నెల విమానాశ్రయంలో నా కార్డు తీసుకుని రద్దు చేస్తారు. చేసుకోనీ. మా అమ్మ తర్వాత ఇన్నేళ్లూ ఈ ఊళ్లో రోజూ నేను బియ్యం కడిగి వదిలిన నీళ్లకు ఎవరూ ఏ కార్డూ ఇవ్వలేదు. వాటిని వెనక్కి పంపడం ఎవరివల్లా కాదు.